అడవికి కుట్టిన ప్యాంటు

మాస్టరు ఎవరినైనా నడుం నుంచి కిందికే చూసేవాడు. వీధిలో ఎదురుపడిన మనిషి నమస్కారం పెడితే, ముందు ఆ మనిషి మోకాళ్ళ దగ్గర గుడ్డ ఎంత సాగిందో, కుట్టు ఎక్కడ లాగుతోందో చూసి, ఆ తర్వాతే తలెత్తి పలకరించేవాడు. కొందరికి ఇది పొగరుగా కనిపించేది. పొగరేం కాదు. వయసొచ్చినప్పటి నుంచీ ప్యాంట్లు తప్ప ఇంకేమీ కుట్టని మనిషికి చూపు అక్కడే ఆగుతుంది మరి. చొక్కా కుట్టమని ఎవరైనా వస్తే, నోరు కూడా విప్పకుండా కత్తెరతోనే పక్క వీధి చూపించేవాడు.

అలాంటి మనిషి కూతురు అడవిలో ఉద్యోగం చేస్తానంది.

వాళ్ళ ఊరి చివర నుంచే అభయారణ్యం మొదలవుతుంది. జంతువుల్ని చూడటానికి వచ్చేవాళ్ళు ఇన్నాళ్ళూ జీపుల్లో తిరిగేవారు. ఈమధ్య కాలినడకన తిప్పే సఫారీ కూడా పెట్టారు. ముందు ఒక గైడు నడుస్తుంది, వెనక అయిదారుగురు వరసగా నడుస్తారు. వాళ్ళకూ జంతువులకూ మధ్య జీపు లేదు, కంచె లేదు, మూసుకోవడానికి తలుపు లేదు. మాస్టరు ఒక్కగానొక్క కూతురు ఆ గైడు పనికి శిక్షణలో చేరింది. ఇంట్లో అందరూ ఆమెను పిడుగు అంటారు. చిన్నప్పుడు ఆ పిల్ల మెట్లు దిగితే పక్కింట్లో గిన్నెలు కదిలేవని వాళ్ళమ్మ ఇప్పటికీ చెబుతుంది.

సంగతి వినగానే మాస్టరు ఒంటికాలి మీద లేచాడు. "ఊళ్ళో ఉద్యోగాలన్నీ అయిపోయాయా? దున్నల మధ్య తిరగాల్సిన ఖర్మ నీకేంటి?" అన్నాడు. పిడుగు వాదించలేదు. వాదించి ఉంటే అతనికి బాగుండేది. ఎదుటివాడు వాదిస్తే గెలవడం అతనికి బాగా తెలుసు. ఆ పిల్ల అంతా విని, కంచం కడుక్కుని వచ్చి, "సోమవారం నుంచి రమ్మన్నారు నాన్నా" అంది. గెలవడానికి ఏమీ మిగల్లేదు.

రెండు రోజులు ముభావంగా తిరిగాడు. తర్వాత ఒక పూట మెత్తబడ్డాడు, అదీ తన పద్ధతిలోనే.

"వెళ్తే వెళ్ళు. ప్యాంటు మాత్రం నేనే కుడతా. బజార్లో వేలాడే పీలికలు వేసుకుని అడవిలో అడుగు పెడతానంటే ఒప్పుకోను."

"నువ్వుండగా ఇంకెవరి దగ్గరికి వెళ్తాను నాన్నా?" అంది పిడుగు.

మాస్టరు లోపల ఉబ్బిపోయాడు. పైకి మాత్రం మూతి ముడుచుకునే ఉన్నాడు.

గుడ్డల కొట్టాయన మాస్టరుకి పాత స్నేహితుడు. అయినా ఆ రోజు అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. మాస్టరు ఒక్కో తానూ దింపించి, అంచు నుంచి పోగు లాగి పళ్ళతో కొరికాడు. గోటితో గీకాడు. రెండు చేతులా పట్టుకుని, కాలు బల్లకు తన్నిపెట్టి మరీ లాగాడు. ఏదీ నచ్చలేదు. చివరికి మూలన, ఎవరూ అడగని చోట, మట్టిరంగులో మందపాటి కాన్వాసు తాను ఒకటి కనిపించింది. లాగితే లాగినవాడి భుజం నొప్పెట్టింది గానీ గుడ్డ కదల్లేదు. మాస్టరు ముఖం విప్పారింది.

"అది సంచులు కుట్టేదయ్యా," అన్నాడు కొట్టాయన. "ఎండలు మండిపోతున్నాయి. ఇది వేసుకుంటే పిల్ల ఉడికిపోతుంది."

"ఉడికితే నీళ్ళు పోసుకుంటుంది. ముల్లు దిగితే ఎవరు తీస్తారు?"

కొట్టాయన మీటరు కర్ర తీసి గుడ్డ కొలిచాడు. కూతురు తనది కాదు, బేరం పోగొట్టుకోవడం తనకూ ఇష్టం లేదు.

ఇక కుట్టడం. ముళ్ళు గుర్తొచ్చి మోకాళ్ళకు రెండో పొర వేశాడు. పాములు గుర్తొచ్చి మడమల నుంచి పిక్కల దాకా ఇంకో పొర వేశాడు. రాళ్ళ మీద కూర్చోవాల్సి వస్తుందని వెనక పెద్ద అతుకు వేశాడు. జేబులోది జారిపోతే వెతకడానికి వంగుతుంది, వంగితే చుట్టూ ఏముందో చూసుకోదు అనుకుని ప్రతి జేబు మూతకూ గట్టిగా అతుక్కునే వెల్క్రో పట్టీ పెట్టాడు. ఒక్కో భయానికి ఒక్కో కుట్టు. పక్క మిషను మీద కూర్చునే బావమరిది ఇదంతా చూస్తున్నాడు. అతను భార్యకు తమ్ముడు, మంచి పనివాడు, నోటికి మాత్రం గుండీ లేదు.

"బావా, ఇక చాలించు. ఏనుగు గుర్తొస్తే దీని చుట్టూ గోడ కడతావేమో!"

"నీ కాజాలు నువ్వు చూసుకో," అన్నాడు మాస్టరు.

పని పూర్తయ్యాక ఆ ప్యాంటును నేల మీద పెడితే దానంతటదే నిలబడింది. బావమరిది లేచి దానికి నమస్కారం పెట్టాడు.

పిడుగు దాన్ని వేసుకుని శిక్షణకు వెళ్ళడం మొదలుపెట్టింది. సాయంత్రాలు ముఖం కందిపోయి తిరిగొచ్చేది. స్నానాల గదిలోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టేది. తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా పొక్కాయని తల్లి చూసింది. మందు రాస్తూ, "మీ నాన్నకు చెప్పనా?" అంటే, "వద్దమ్మా, ఎంత ఇష్టంగా కుట్టాడో చూశావుగా" అంది పిడుగు. తల్లి సరేనంది. కానీ ఆ ఇంట్లో సరే అన్న మాట పొద్దుటి దాకా నిలిచిన దాఖలాలు లేవు. మాస్టరుకి తెలిసిపోయింది. "కొత్త గుడ్డ అలాగే ఉంటుంది, నాలుగు ఉతుకులు పడనీ" అన్నాడతను. అన్నాడే గానీ, ఆ పూట సరిగ్గా తినలేదు.

ఉతుకులు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పిడుగు తిన్నగా దుకాణానికే వచ్చింది, ఆ ప్యాంటుతోనే.

దుకాణం అంటే ఒక పొడవాటి ఇరుకు గది. రెండు మోటారు మిషన్లు, ఇస్త్రీ బల్ల, నెత్తి మీద కీచుమనే ఫ్యాను. తలుపు తీసింది మొదలు తాళం వేసేదాకా ఆ మిషన్లు ఆగవు. అందుకే అందులో అందరూ అరుచుకుంటూనే మాట్లాడుకుంటారు. మాస్టరు ఇంటికి వెళ్ళాక కూడా అదే గొంతుతో మంచినీళ్ళడుగుతాడని భార్య ఫిర్యాదు.

"నాన్నా, ఈ ప్యాంటు వద్దంది పెద్దక్క," అని అరిచింది పిడుగు.

పెద్దక్క అంటే గైడ్లందరికీ పెద్ద. తల నెరిసిన మనిషి. అడవిలోనే సగం జీవితం గడిపింది.

"చిరిగిందా?" అని మాస్టరు కంగారుగా మిషను దిగాడు.

"ఇది ఈ జన్మకు చిరగదు నాన్నా. చప్పుడు చేస్తోంది."

"ఏంటీ?"

"చప్పుడు! నడుస్తుంటే చప్పుడు చేస్తోంది!"

"ప్యాంటు చప్పుడు చేయడమేంటే? ప్యాంటు ఏమన్నా గంటా?"

బావమరిది పగలబడి నవ్వాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్లు ఆగాయి, ఫ్యాను ఆగింది, బావమరిది నవ్వు కూడా సగంలో ఆగింది. గదిలో ఎవరూ ఊహించనంత నిశ్శబ్దం. పిడుగు తండ్రి వైపు ఒకసారి చూసి, ఇస్త్రీ బల్ల నుంచి గుమ్మం దాకా నడిచింది.

జర్రు, జర్రు, జర్రు.

గుమ్మం దగ్గర ఆగి, జేబు మూత తెరిచింది. చర్రుమంది. వీధిలో పోతున్న మనిషి ఒకడు తిరిగి చూశాడు.

మాస్టరు నిలబడ్డచోటే కొయ్యబారిపోయాడు. గుడ్డను అతను కళ్ళతో చూసేవాడు, వేళ్ళతో చూసేవాడు, పళ్ళతో కూడా చూసేవాడు. చెవితో చూడాలన్న ఆలోచన ఏనాడూ రాలేదు. మిషన్లు ఆగని గదిలో గుడ్డ గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఇన్నేళ్ళ పనిలో తన చేత్తో కుట్టిన ప్యాంటు నడుస్తుంటే ఎలా ఉంటుందో చూశాడు గానీ, ఒక్కసారీ వినలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ మాస్టరు సిగ్గుపడితే తగ్గే రకం కాదు.

"చేస్తే చేయనీ," అన్నాడు. "మంచిదేగా! చప్పుడు వింటే జంతువులు పారిపోతాయి."

"పారిపోయేవాటితో గొడవేం లేదు నాన్నా. కొన్ని పారిపోవు, మీదికొస్తాయి. అవి నన్ను చూసేలోపు నేను వాటిని చూడాలి. చూడాలంటే ముందు వినాలి. నా కాళ్ళ చప్పుడే నా చెవుల్లో నిండిపోతుంటే పొదలో ఏం కదిలిందో నాకెలా తెలుస్తుంది?"

ముళ్ళకూ పాములకూ అడ్డం వేశాననుకున్న గుడ్డ తన బిడ్డ చెవులకే అడ్డం పడిందన్నమాట. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆఖరి నడక దగ్గరికొచ్చింది నాన్నా," అంది పిడుగు, గొంతు తగ్గించి. "మీరందరూ రావాలి. నువ్వు, అమ్మ, మామయ్య."

"మేమెందుకు?"

అక్కడొక పద్ధతి ఉంది. కొత్త గైడును పరీక్షించే నడకలో పరాయివాళ్ళను తిప్పమనరు, సొంత ఇంటివాళ్ళను తిప్పమంటారు. ఊరూ పేరూ తెలియని సందర్శకులు గైడు ఆగమంటే ఆగుతారు. ఇంట్లోవాళ్ళు ఆగరు. నీ ముక్కు తుడిచిన చేతులివి, నువ్వు నాకు చెప్పేదేంటి అంటారు. వాళ్ళను అదుపులో పెట్టినవాళ్ళు ఎవరినైనా తిప్పగలరని పెద్దక్క నమ్మకం. నడక అయ్యాక ఆమె ఇంటివాళ్ళను ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతుంది. మళ్ళీ ఈ మనిషి వెనక నడుస్తారా? అందరూ నడుస్తామంటేనే ఉద్యోగం. ఇంట్లో నమ్మకం లేని మనిషికి అడవిలో ధ్యాస ఇంటి మీదే ఉంటుంది, అది ప్రమాదం అంటుందామె.

ఇదంతా పిడుగు దాచకుండా చెప్పింది. మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"ఒకళ్ళు నడవనంటే?"

పిడుగు అతని కళ్ళలోకి తిన్నగా చూసింది. "ఒకళ్ళు నడవనన్నా అంతే నాన్నా. ఇంటికొచ్చేస్తాను."

కరెంటు వచ్చింది. మిషన్లు మొదలయ్యాయి. మాస్టరు మనసులో ఒక మాట ఆ క్షణానే గూడు కట్టుకుంది. అరవక్కర్లేదు, అలగక్కర్లేదు. నడవను అన్న ఒక్క మాట చాలు, పిల్ల క్షేమంగా ఇంట్లో ఉంటుంది. తన కూతురు ఆ మాట తన చేతిలో పెట్టి వెళ్ళిందని, దాంతో తనేం చేస్తాడో తెలిసే పెట్టిందని కూడా అతనికి అర్థమైంది. అయినా ఆ మాటను వదిలిపెట్టబుద్ధి కాలేదు.

మర్నాడు మళ్ళీ గుడ్డల కొట్టుకి వెళ్ళాడు. ఈసారి ఒక గుడ్డ తాను దింపించి, మూల రెండు మడతలు వేసి, చెవి దగ్గర పెట్టుకుని రుద్దాడు. ఇంకొకటి, మరొకటి. కొట్టాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమంటోంది?" అని అడిగాడు.

"ఇది గొణుగుతోంది. అది ఈల వేస్తోంది. నోరు మూసుకునేది చూపించు."

నున్నటి నైలానులన్నీ ఈల వేసేవే. ఉత్త నూలు గుడ్డ మెత్తగా, మౌనంగా ఉంది గానీ గోటికే పోగు లేచింది. పైగా తడిస్తే ఒక పట్టాన ఆరదు, ఒంటికి అంటుకుని బరువెక్కుతుంది. వెతగ్గా వెతగ్గా నూలులో కొంచెం సాగే దారం కలిపి దగ్గరగా నేసిన గుడ్డ ఒకటి దొరికింది. పలచగా ఉంది, చేతిలో బరువే తెలియలేదు. లాగితే కొంచెం సాగి మళ్ళీ చోటికి వచ్చింది. రుద్దితే శ్వాస తీసినంత చప్పుడు. ముదురు నీలం బాగుందని కొట్టాయన అంటే మాస్టరు వినలేదు. ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది, ఎండుగడ్డిలో అల్లంత దూరానికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గడ్డిరంగే తీసుకున్నాడు.

దుకాణానికి తెచ్చి ముందు గుడ్డను తడిపి ఎండలో వేశాడు. సాయంత్రం అవుతుందనుకుంటే టీ తాగి వచ్చేసరికి ఆరిపోయింది. తొడల మధ్య నాలుగు కుట్లు ఒకచోట కలిస్తే అక్కడే ఒరుసుకుంటుందని, ఆ చోట కుట్టు లేకుండా డైమండు ఆకారంలో ముక్క వేశాడు. దాంతో కాలు ఎటు చాచినా లాగదు, కింద గొంతుక్కూర్చున్నా పట్టెయ్యదు. వెల్క్రో పీకి గుండీలు పెట్టాడు. రెండో పొర మోకాళ్ళ దగ్గర మాత్రమే ఉంచాడు, అదీ ఇదే గుడ్డతో. కింద అంచుల్లో తాడు దూర్చాడు, లాగి ముడేస్తే పురుగూ పుట్రా లోపలికి పోకుండా. చేతులు ఆ పిల్లను అడవికి సిద్ధం చేస్తున్నాయి, మనసు ఇంట్లో ఉంచే మాట అప్పచెప్పుకుంటోంది. అయినా ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. చెడగొట్టాలన్న ఊహ ఒకసారి వచ్చింది గానీ, అతని చేతులకు ఆ విద్య రాదు.

పిడుగును ట్రయల్ వేసుకోమని, మధ్యాహ్నం పూట మిషన్లు రెండూ ఆపించాడు. కరెంటు ఉండగా ఆ దుకాణంలో మిషన్లు ఆగడం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని కూర్చుని, "నడు" అన్నాడు.

చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"నడవమన్నాగా!"

"నీ వెనకే ఉన్నా నాన్నా," అంది పిడుగు, అతని భుజం మీద చెయ్యి వేస్తూ.

మాస్టరు ఉలిక్కిపడ్డాడు. బావమరిది చప్పట్లు కొట్టాడు. పని కుదిరినందుకు సంతోషించాలో, పిల్ల మరీ తేలిగ్గా దాటిపోతోందని దిగులుపడాలో తెలియక, "ఎడమ కాలు అర అంగుళం దించాలి" అన్నాడు. నిజానికి అక్కడ దించాల్సిందేమీ లేదు.

పాత కాన్వాసు ఇంకా మిగిలి ఉంది. గుడ్డ పారేయడం మాస్టరు వంట్లో లేదు. దాంతో తనకే ఒక ప్యాంటు కుట్టుకున్నాడు, అన్ని పొరలతో సహా. "బావా, చప్పుడో!" అని బావమరిది గుర్తుచేస్తే, "గైడు నేనా? వెనక నడిచేవాడికి చప్పుడేంటి, ముళ్ళు గుచ్చుకోకుండా ఉంటే చాలు" అన్నాడు.

నడక రోజు పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. ముందు పిడుగు, తర్వాత తల్లి, మామయ్య, మాస్టరు, అందరికంటే వెనక భుజాన తుపాకితో పెద్దక్క. ఆమె నోరు విప్పదు, జరిగేది చూస్తుంది, అంతే. పిడుగు అందరినీ నిలబెట్టి చెప్పింది. "ఒకరి వెనక ఒకరు. చెయ్యి ఎత్తితే ఆగిపోవాలి. ఏం కనిపించినా పరిగెత్తకూడదు. మామయ్యా, మాట్లాడకూడదు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"నోరు మూసుకుని తీసుకో."

తల్లి ముసిముసిగా నవ్వింది. మాస్టరుకి మాత్రం ఆ గొంతు కొత్తగా అనిపించింది. ఇంట్లో మాట్లాడే గొంతే. కానీ ఇంట్లో ఆ గొంతుకు ఎవరూ ఇంతగా చెవి ఒగ్గరు.

ఎండుగడ్డి మధ్య సన్నటి బాట. పిడుగు అయిదడుగులు వేసి ఆగుతోంది, గుప్పెడు దుమ్ము జారవిడిచి గాలి ఎటు పోతోందో చూస్తోంది, మళ్ళీ కదులుతోంది. మెట్లు అదిరిపోయేలా దిగిన పిల్లేనా ఇది అనిపించింది మాస్టరుకి. ఆమె అడుగు వినపడదు, గుడ్డ వినపడదు. వినపడుతున్నదల్లా ఒక్కటే. జర్రు, జర్రు, జర్రు. గట్టిగా దగ్గితే పోతుందేమో అన్నట్టు మాస్టరు గొంతు సవరించుకున్నాడు గానీ అది గొంతులోది కాదు.

పిడుగు ఆగి వెనక్కి చూసింది. "నాన్నా, కాళ్ళు కొంచెం ఎడంగా వేసి నడువు."

మాస్టరు కాళ్ళు ఎడంగా వేసి, బురదలో దిగిన బాతులాగా నడిచాడు. ముందున్న బావమరిది భుజాలు నవ్వుతో ఊగిపోతున్నాయి, నోరు మాత్రం విప్పలేదు. అంతమాత్రం అదుపు వచ్చింది.

ఎండిన వాగు మలుపులో పిడుగు చెయ్యి పైకి లేచింది. అందరూ ఆగారు. అవతలి గట్టున, పొద నీడలో, నల్లటి బండ ఒకటి ఉంది. ఆ బండ చెవి ఆడించింది. అడవిదున్న. మామూలుగా మాట్లాడితే వినిపించేంత దూరం. అది తల దించుకుని గడ్డి నములుతోంది, వీళ్ళను ఇంకా చూడలేదు. వెనక్కి రమ్మని పిడుగు చేత్తో సైగ చేసింది. తల్లి ఒకడుగు వెనక్కి వేసింది, మామయ్య వేశాడు. మాస్టరు కాలు కదిపాడు.

జర్రుమంది.

దున్న తల ఎత్తింది.

"కదలకు నాన్నా," అంది పిడుగు. కేక కాదు, కంగారు కాదు, చాలా మామూలుగా అంది. మాస్టరు కదల్లేదు. కూతురి మాటకు ఎదురు చెప్పకుండా ఉండటం అతనికి ఆ పొద్దునే మొదలు. దున్న రెండడుగులు ముందుకు వేసి ఆగింది. కొమ్ముల కింద నుంచి మాస్టరునే చూస్తోంది. పిడుగు పక్కకు జరిగింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ, ఏమాత్రం తొందర లేకుండా, తండ్రికీ దున్నకూ మధ్యకు వచ్చి నిలబడింది. పెద్దక్క తుపాకి చేతిలోకి తీసుకుంది, కానీ ముందుకు రాలేదు.

వెనక్కి పోవడానికి లేదు. అందరూ పోగలరు, మాస్టరు పోలేడు. అతను కదిలితే గుడ్డ అరుస్తుంది. తన మూలంగా నలుగురూ అక్కడ చిక్కుబడిపోయారని అతనికి తెలుసు. కాలి కింద చీమలపుట్ట ఉందని కూడా అప్పుడే తెలిసింది. చీమలు పిక్క మీదుగా పాకుతున్నాయి. లోపలికి పోయిన చీమకు బయటికి దారి లేకుండా కుట్టిందెవరు? తనే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాలు మాత్రం కదపలేదు.

అతనికి కనిపిస్తున్నది పిడుగు వీపు. మెడ మీద నుంచి చెమట కారుతోంది. భయపడుతోంది, తన కూతురు భయపడుతోంది. అయినా కదలడం లేదు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి, అరచెయ్యి తండ్రి వైపు తెరిచి, ఉండు అన్నట్టు పట్టుకుంది. ఆమె మోకాళ్ళ మీద పలచటి గుడ్డ గాలికి కదులుతోంది. ఆ కొమ్ములకు పలచటి గుడ్డయినా ఒకటే, మందపాటి గుడ్డయినా ఒకటే అని మాస్టరుకి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తను ఏ గుడ్డ కోసం వెతికాడో అది ఎవరూ నెయ్యలేదు. ఆ పిల్లను తోసేసి తను ముందుకు వెళ్ళి నిలబడాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అడుగు వేస్తే జర్రుమంటుంది. కూతురు అడ్డం నిలబడితే తండ్రి వెనక నిలబడాలి, ఆ పూటకు న్యాయం అదే. అంతకంటే కష్టమైన పని అతను జీవితంలో చేయలేదు.

దున్న ముక్కుతో గాలి ఊదింది. చాలాసేపు చూసింది. తర్వాత, వీళ్ళ మీద ఆసక్తి పోయినట్టు, తల తిప్పుకుని పొదల వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. పిడుగు ఇంకా కాసేపు అలాగే నిలబడింది. కొమ్మ విరిగిన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించాకే చెయ్యి దించింది.

"ఇప్పుడు దులుపుకో నాన్నా," అంది. చీమల సంగతి కూడా చూసిందన్నమాట.

గేటు పక్కన రేకుల గది. గోడవారగా బెంచీ, బల్ల మీద నీళ్ళ కూజా. పెద్దక్క తుపాకి గోడకు ఆనించి, అందరికీ నీళ్ళు పోసి ఇచ్చింది. పిడుగు గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నేల చూపులు చూస్తోంది. అడవిలో దున్నను సూటిగా చూసిన పిల్ల ఇక్కడ ఎవరి ముఖమూ చూడలేకపోతోంది.

"అమ్మా, మళ్ళీ ఈ పిల్ల వెనక నడుస్తారా?"

"నడుస్తానండీ," అంది తల్లి, పమిట చెంగుతో ముఖం తుడుచుకుంటూ.

"మీరు?"

"దీని వెనకైతే ఎక్కడికైనా నడుస్తాను. మా బావ ముందు మాత్రం నడవను," అన్నాడు బావమరిది. పెద్దక్క మొదటిసారి నవ్వింది. నవ్వు ఆపుకుని మాస్టరు వైపు తిరిగింది.

మాస్టరు దగ్గర మాట సిద్ధంగా ఉంది. లేదమ్మా, నా మనసు ఒప్పుకోవడం లేదు. రోజూ ఇస్త్రీ బల్ల ముందు మనసులో అనుకుని అనుకుని నున్నగా చేసుకున్న మాట. పైగా భయం తగ్గిందా అంటే లేదు, పదింతలైంది. నిన్నటిదాకా తను చూడని దున్నకు భయపడ్డాడు, ఇప్పుడు చూసిన దున్నకు భయపడుతున్నాడు. ఆ మాట అనడానికి ఇంతకంటే మంచి కారణం ఏ తండ్రికీ దొరకదు.

"ఒక్క ప్యాంటుతో రోజూ ఎలా వెళ్తుందండీ?" అన్నాడు. "ఉతికితే ఆరాలిగా. ఇంకో రెండు జతలు కుట్టాలి."

"నేనడిగింది అది కాదు మాస్టరుగారూ."

తెలుసన్నట్టు తల ఊపాడు. గ్లాసు కింద పెట్టాడు. గుమ్మం వైపు చూశాడు. పిడుగు తలెత్తి అతన్నే చూస్తోంది.

"నడుస్తాను," అన్నాడు మాస్టరు.

ఆ ఒక్క మాటతో కన్నకూతుర్ని రోజూ ఆ దున్న ముందు నిలబెడుతున్నానని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.